లైనక్స్‌లో రికార్డింగ్: ఆడియో ఇంటర్‌ఫేస్ కొనేముందు అడగవలసిన రెండో ప్రశ్న

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 హార్డ్‌వేర్ షరతులకు అందని కంప్యూటర్లు బాగా పనిచేస్తున్నా పక్కన పెట్టేయడం ఇష్టంలేక కొందరు ఉబుంటు, ఫెడోరా, మింట్ వంటి లైనక్స్ పంపిణీలవైపు మళ్లుతున్నారు. బ్రౌజరుకు, ఆఫీసు పనులకు ఈ మార్పు పెద్ద ఇబ్బంది కాదు. పాటలు, పాడ్‌కాస్టులు, ఆడియో పుస్తకాలు ఇంట్లో రికార్డు చేసుకునేవారికి మాత్రం ఒక సందేహం మిగులుతుంది. మైకుకూ కంప్యూటరుకూ మధ్య ఉండే ఆడియో ఇంటర్‌ఫేస్ పెట్టె మీద విండోస్, మ్యాక్ పేర్లే కనిపిస్తాయి; లైనక్స్ ప్రస్తావన ఉండదు. ఒకే మోడల్ గురించి ఒకరు ‘తగిలించగానే పనిచేసింది’ అంటారు, మరొకరు ‘సగం మీటలు కదలడమే లేదు’ అంటారు. ఇద్దరు చెప్పేదీ నిజమే కావచ్చు. ఆ తేడా ఎక్కడి నుంచి వస్తుందో తెలిస్తే ఎంపిక చాలావరకు తేలికవుతుంది.

సంక్షిప్తంగా: యూఎస్‌బీ ఆడియో క్లాస్ ప్రమాణాన్ని పాటించే ఇంటర్‌ఫేసులు లైనక్స్‌లో విడిగా డ్రైవర్ వేయకుండానే ధ్వనిని మోస్తాయి. అయితే ధ్వని ప్రయాణించడం ఒక సంగతి, ఆ పరికరాన్ని నియంత్రించడం మరొక సంగతి. ధ్వని వస్తుందా అన్నది మొదటి ప్రశ్న అయితే, కంట్రోళ్లు పరికరం మీదే ఉన్నాయా, తయారీదారు సాఫ్ట్‌వేర్‌లో మాత్రమే ఉన్నాయా అన్నది కొనేముందు అడగవలసిన రెండో ప్రశ్న, అసలు ప్రశ్న. శాంపుల్ రేటు (ధ్వనిని సెకనుకు ఎన్నిసార్లు కొలుస్తుందన్న లెక్క), బిట్ల సంఖ్య వంటి పెద్ద అంకెల కంటే నిజమైన మైకు ప్రీయాంపుల (మైకు సంకేతాన్ని పెంచే భాగాల) సంఖ్య, కెర్నల్ (లైనక్స్ మూల భాగం) వెర్షన్, గెయిన్ (ఆ సంకేతాన్ని ఎంత పెంచగలదన్న) పరిధి ఎక్కువ ప్రభావం చూపుతాయి.

డ్రైవర్ అక్కర్లేదంటే ఏమిటి

యూఎస్‌బీ పరికరాలకు కొన్ని ఉమ్మడి తరగతులు ఉన్నాయి. కీబోర్డు, పెన్‌డ్రైవ్ ఏ కంపెనీవైనా ప్రత్యేక డ్రైవర్ లేకుండా పనిచేసేది అందుకే. ధ్వనికి కూడా అలాంటి తరగతి ఉంది. దాని మొదటి ప్రమాణం 1998లో, రెండోది 2006లో వచ్చాయి. ఈ ప్రమాణాన్ని పాటించే పరికరాన్ని క్లాస్ కంప్లయంట్ అంటారు. లైనక్స్ కెర్నల్‌లోని ఆల్సా అనే ధ్వని విభాగంలో ఇలాంటి పరికరాలన్నింటికీ కలిపి ఒకే యూఎస్‌బీ ఆడియో డ్రైవర్ ఉంది. రెండో ప్రమాణానికి లైనక్స్‌లో మద్దతు 2010లోనే చేరింది. విండోస్‌లో అదే మద్దతు 2017 నాటి విండోస్ 10 నవీకరణతోగానీ రాలేదు.

ఈ ఏడేళ్ల తేడా నుంచే ఒక అపోహ పుట్టింది. విండోస్‌లో రెండో ప్రమాణానికి సొంత డ్రైవర్ లేని కాలంలో కంపెనీలన్నీ తమ డ్రైవర్లు తాము రాసుకోవలసి వచ్చింది. దాంతో ‘డ్రైవర్ డౌన్‌లోడ్ చేసుకోండి’ అనే సూచన పెట్టె మీద, మాన్యువల్‌లో స్థిరపడింది. ఆ సూచన చూసి లైనక్స్‌లో పనిచేయదని తేల్చుకోవడం తొందరపాటు. ఐప్యాడ్‌లో పనిచేస్తుందని కంపెనీ చెబుతోందా అన్నది అంతకంటే మేలైన గుర్తు. ఐప్యాడ్‌లో విడిగా డ్రైవర్లు వేసే వీలు చాలాకాలం లేదు కనుక, అందులో పనిచేసే ఇంటర్‌ఫేస్ క్లాస్ కంప్లయంట్ అయివుండాలి. ఎం-శ్రేణి చిప్‌లున్న ఇటీవలి ఐప్యాడ్‌లలో డ్రైవర్లకు దారి ఏర్పడింది కాబట్టి ఈ గుర్తు ఇప్పుడు పూర్తి హామీ కాదు; అయినా మొదటి వడపోతకు ఉపయోగపడుతుంది.

రెండు ప్రమాణాల మధ్య తేడా వేగంలో ఉంది. మొదటి ప్రమాణపు పరికరాలు సాధారణంగా సెకనుకు 12 మెగాబిట్ల యూఎస్‌బీ వేగంతో నడుస్తాయి. ఆ వేగం రెండు దిశలకూ ఉమ్మడి; అందులో కొంత ధ్వనికి కాక ఇతర సమాచారానికే పోతుంది. 24 బిట్లు, 48 కిలోహెర్ట్జ్‌లో రెండు ఛానళ్లకు 2.3 మెగాబిట్లు సరిపోతాయి కాబట్టి రికార్డింగు, వినడం రెండూ ఒకేసారి సాగుతాయి. అదే 96 కిలోహెర్ట్జ్ అయితే ఒక్కో దిశకు 4.6 చొప్పున 9.2 మెగాబిట్లు కావాలి; దారి సాధారణంగా చాలదు. నాలుగు, ఎనిమిది ఛానళ్ల ఇంటర్‌ఫేసులు చాలావరకు రెండో ప్రమాణాన్ని, సెకనుకు 480 మెగాబిట్ల యూఎస్‌బీ వేగాన్ని ఎంచుకోవడానికి కారణం ఇదే. ఉదాహరణకు బెరింగర్ యూఎంసీ22 48 కిలోహెర్ట్జ్ దగ్గరే ఆగుతుంది. అదే శ్రేణిలోని యూఎంసీ202హెచ్‌డీ 24 బిట్లు, 192 కిలోహెర్ట్జ్ వరకు వెళుతుంది. పాడ్‌కాస్టుకు మొదటిది చాలు. కానీ పేరులో దగ్గరగా ఉన్న రెండు పెట్టెల లోపల వేర్వేరు యంత్రాంగాలు ఉన్నాయని తెలియకపోతే నిరాశ తప్పదు.

కంట్రోళ్లు ఎక్కడున్నాయి

క్లాస్ కంప్లయంట్ అన్న మాట ధ్వని ప్రవాహానికి మాత్రమే హామీ ఇస్తుంది. కండెన్సర్ మైకులకు కరెంటు అందించే ఫాంటమ్ పవర్ వేయడం, మైకునుంచి గిటారుకు మార్చడం, ఏ ఇన్‌పుట్ ఏ హెడ్‌ఫోన్‌లో వినిపించాలో నిర్ణయించడం వంటివి ఆ హామీలో ఉండకపోవచ్చు. ఈ దృష్టితో చూస్తే మార్కెట్‌లోని ఇంటర్‌ఫేసులు మూడు రకాలు.

మొదటి రకంలో ప్రతిదానికీ పరికరం ముఖం మీదే ఒక నాబ్, ఒక బటన్ ఉంటాయి. ఎస్‌ఎస్‌ఎల్ 2, మోటూ ఎం2, బెరింగర్ యూఎంసీ శ్రేణి ఈ కోవలోవి. కంప్యూటర్‌లో ఏ వ్యవస్థ ఉన్నా వీటికి పట్టింపు లేదు. లైనక్స్‌కు కొత్తగా వచ్చినవారికి నిస్సందేహంగా సిఫారసు చేయదగినది ఈ రకమే.

రెండో రకంలో కంట్రోళ్లు అంతర్గత మిక్సర్‌లో ఉంటాయి, కానీ దాన్ని చేరే దారి ఒక కంపెనీ సాఫ్ట్‌వేర్‌కే పరిమితం కాదు. మోటూ ఏవీబీ శ్రేణి పరికరాలు తమ మిక్సర్‌ను వెబ్ పేజీగా చూపిస్తాయి. ఏ బ్రౌజరు నుంచైనా సర్దుకోవచ్చు.

మూడో రకంలో మిక్సర్, రూటింగ్ (ఏ ధ్వని ఎటు వెళ్లాలన్న అమరిక) అన్నీ విండోస్, మ్యాక్‌లకే తయారైన యాప్‌లో ఉంటాయి. ఈ రకం పరికరాలు లైనక్స్‌లో ధ్వనిని చక్కగా రికార్డు చేస్తూనే, చివరిసారి వేరే కంప్యూటర్‌లో చేసిన అమరికల దగ్గరే ఆగిపోవచ్చు. విండోస్ ప్రోగ్రామ్‌లను లైనక్స్‌లో నడిపే వైన్ వంటి సాధనం ద్వారా ఆ యాప్‌ను నడపడం సాధారణంగా కుదరదు. యాప్ విండో తెరుచుకున్నా, అది మాట్లాడవలసిన విండోస్ డ్రైవర్ లైనక్స్‌లో ఉండదు.

ఈ మూడో రకంలోంచి ఒక శ్రేణి బయటపడిన తీరును వివరంగా చూడటం అవసరం, ఎందుకంటే ‘లైనక్స్ మద్దతు’ అనేది ఎలా పుడుతుందో అందులో తెలుస్తుంది. ఫోకస్‌రైట్ స్కార్లెట్ శ్రేణి అందరికీ పరిచయమైనదే. దాని పెద్ద మోడళ్ల రూటింగ్, మిక్సర్ ఫోకస్‌రైట్ కంట్రోల్ అనే యాప్‌లో ఉంటాయి. ఆ యాప్ లైనక్స్‌కు లేదు. జెఫ్రీ బెనెట్ అనే డెవలపర్ ఈ పరికరాలు యాప్‌తో మాట్లాడే పద్ధతిని విశ్లేషించి కెర్నల్‌లో మిక్సర్ డ్రైవర్ రాశారు. రెండో తరం మోడళ్లకు 2019 నాటి 5.4 కెర్నల్‌లో, మూడో తరానికి 2021 నాటి 5.14లో ఆ మద్దతు చేరింది. మొదట్లో దాన్ని ఒక ప్రత్యేక ఐచ్ఛికంతో ఆన్ చేయాలి, 6.7 నుంచి దానంతటదే పనిచేస్తుంది. నాలుగో తరం సోలో, 2ఐ2, 4ఐ4 మోడళ్లకు 6.8లో మద్దతు వచ్చింది. ఈ కంట్రోళ్లన్నింటినీ తెరమీద చూపే ఆల్సా స్కార్లెట్ జీయూఐ అనే ఉచిత ప్రోగ్రామ్ కూడా ఆయనదే.

ఇక్కడ కెర్నల్ అంకెలు పరికరం ధరతో సమానంగా ముఖ్యమవుతాయి. డెబియన్ 12 కెర్నల్ 6.1 కాబట్టి మూడో తరం మిక్సర్‌ను చేత్తో ఆన్ చేయాలి, నాలుగో తరం మిక్సర్ అసలు ఉండదు. ఉబుంటు 24.04లో 6.8, డెబియన్ 13లో 6.12 ఉన్నాయి, రెండింటిలోనూ ఈ చిక్కు లేదు. ఒకే స్కార్లెట్ గురించి పరస్పర విరుద్ధమైన అభిప్రాయాలు వినిపించడానికి చాలాసార్లు కారణం పరికరం కాదు, చెప్పినవారి కెర్నల్ వయసు.

మరో చిన్న విషయం. కొత్త స్కార్లెట్ మొదటిసారి తగిలించినప్పుడు రిజిస్ట్రేషన్ కోసం ఒక పెన్‌డ్రైవ్‌లా కూడా కనిపిస్తుంది. ఆ స్థితిలో దాని సామర్థ్యాలు కొన్ని అందుబాటులోకి రావు. పైన చెప్పిన ప్రోగ్రామ్ నుంచే దాన్ని ఆపేయవచ్చు. ఇక పరికరం లోపలి సాఫ్ట్‌వేర్ అయిన ఫర్మ్‌వేర్ నవీకరణలకు చాలా కంపెనీలు విండోస్, మ్యాక్ సాధనాలే ఇస్తాయి. పాత విండోస్ తుడిచేయబోయేవారు ఆ పని ముందే పూర్తిచేసుకోవడం మంచిది.

గడియారం ఎవరిది

క్లిక్ శబ్దాలు, చిటపటలు వస్తే చాలామంది బఫర్‌నే (ధ్వనిని కొద్దికొద్దిగా పోగుచేసి పంపే తాత్కాలిక నిల్వనే) అనుమానిస్తారు. కొన్నిసార్లు మూలం అంతకంటే లోతుగా ఉంటుంది. ఇంటర్‌ఫేస్‌లో సెకనుకు 48,000 శాంపుళ్లను కొలిచే ఒక స్ఫటికం ఉంటుంది. కంప్యూటర్‌కు తన గడియారం తనకు ఉంటుంది. రెండూ అచ్చంగా ఒకే వేగంతో నడవవు. నేటి మంచి ఇంటర్‌ఫేసులు ఎసింక్రనస్ పద్ధతిలో పనిచేస్తాయి, అంటే ఇంటర్‌ఫేస్ గడియారమే పెత్తనం వహించి, ఎంత వేగంతో డేటా పంపాలో కంప్యూటర్‌కు ఎప్పటికప్పుడు చెబుతుంది. కొన్ని పరికరాలు ఈ మాటను విడిగా చెప్పవు. తాము పంపే రికార్డింగ్ ప్రవాహం వేగాన్ని చూసి కంప్యూటరే ఊహించుకోవాలి. దీన్ని ఇంప్లిసిట్ ఫీడ్‌బ్యాక్ అంటారు. ఏ పరికరం ఏ పద్ధతి వాడుతుందో కెర్నల్ సరిగా గుర్తించకపోతే కొద్ది నిమిషాలకోసారి చిటపట వినిపిస్తుంది, లేదా వినికిడి మొదలే కాదు. అటువంటి పరికరాల జాబితా ఒకటి కెర్నల్‌లో ఉంది; ప్రతి కొత్త వెర్షన్‌లో అది పెరుగుతూ వస్తోంది. కొత్త కెర్నల్ వేయగానే రోగం కుదిరిందని కొందరు చెప్పడం ఇందువల్లే.

పరికరం నిజ స్వరూపం చూడాలంటే లైనక్స్‌లో ఒక తేలికైన మార్గం ఉంది. ప్రోక్ డైరెక్టరీలో అసౌండ్ అనే ఫోల్డర్ ఉంటుంది. అందులో కార్డు పేరుతో ఉన్న ఫోల్డర్ తెరిస్తే స్ట్రీమ్0 అనే చిన్న పాఠ్య ఫైలు కనిపిస్తుంది. ప్లేబ్యాక్, క్యాప్చర్ అని రెండు భాగాలుగా ఉండే ఆ ఫైలులో ఛానళ్లు ఎన్ని, బిట్లు ఎన్ని, 44100 మొదలు ఏ ఏ శాంపుల్ రేట్లు ఉన్నాయి అన్నవి వరుసగా ఉంటాయి. ఎండ్‌పాయింట్ వరుస చివర ఎసింక్ (పైన చెప్పిన ఎసింక్రనస్) అనో అడాప్టివ్ (కంప్యూటర్ వేగాన్ని పరికరం అనుసరించే పద్ధతి) అనో రాసి ఉంటుంది. డేటా ప్యాకెట్ వ్యవధి 125 మైక్రోసెకన్లు అని ఉంటే పరికరం 480 మెగాబిట్ల వేగంతో నడుస్తున్నట్టు. ఫైలు మొదటి వరుసలో ఫుల్ స్పీడ్ అని ఉంటే 12 మెగాబిట్ల వేగంతో నడుస్తున్నట్టు. ప్రకటనల్లోని వాక్యాల కంటే ఈ పది వరుసలు నమ్మదగినవి.

లేటెన్సీ లెక్కలు

మైకులో పాడిన మాట కంప్యూటర్‌లోకి వెళ్లి హెడ్‌ఫోన్‌లోకి తిరిగి రావడానికి పట్టే సమయమే లేటెన్సీ. 48 కిలోహెర్ట్జ్ వద్ద 128 శాంపుళ్ల బఫర్ ఒక్కటి 2.7 మిల్లీసెకన్లు. యూఎస్‌బీ పరికరాలకు జాక్ అనే లైనక్స్ ధ్వని వ్యవస్థలో మూడు బఫర్లు పెట్టుకోవడం ఆనవాయితీ కాబట్టి అది 8 మిల్లీసెకన్లవుతుంది. దానికి కన్వర్టర్ల ఆలస్యం, యూఎస్‌బీ ఆలస్యం కలుస్తాయి. గాలిలో ధ్వని ఒక మీటరు దాటడానికి సుమారు 3 మిల్లీసెకన్లు పడుతుంది. ఆ లెక్కన ఇది స్పీకర్‌కు మూడు మీటర్ల దూరంలో కూర్చుని వాయించడం వంటిది. వాద్యకారులు దీన్ని భరించగలరు. తన గొంతును తానే హెడ్‌ఫోన్‌లో వింటూ పాడేవారికి మాత్రం ఇంత ఆలస్యం కూడా తెలుస్తుంది.

ఇప్పుడు చాలా పంపిణీల్లో ధ్వనిని నడిపించేది పైప్‌వైర్. విమ్ టైమాన్స్ ప్రారంభించిన ఈ వ్యవస్థ 2021లో ఫెడోరా 34లో, 2022లో ఉబుంటు 22.10లో పాత పల్స్‌ఆడియో స్థానాన్ని తీసుకుంది. 2023 నవంబరులో 1.0 వెర్షన్‌కు చేరింది. జాక్ కోసం రాసిన ప్రోగ్రామ్‌లను కూడా ఇదే నడిపిస్తుంది కాబట్టి, ఆర్డర్ (Ardour) అనే రికార్డింగ్ ప్రోగ్రామ్‌లో రికార్డు చేస్తూనే బ్రౌజర్‌లో పాట వినవచ్చు. దాని సహజ బఫర్ 1024 శాంపుళ్లు, అంటే 21 మిల్లీసెకన్లు. వీడియోలు చూడటానికి సరిపోయే ఈ అంకెను రికార్డింగ్‌కు 256కో 128కో తగ్గించుకోవాలి. లైనక్స్‌లో లేటెన్సీ ఎక్కువన్న ఫిర్యాదుల్లో కొన్ని ఈ ఒక్క అమరికను మార్చకపోవడం వల్ల వచ్చినవే. నిర్ణీత సమయంలో పని పూర్తిచేసేలా చూసే రియల్‌టైమ్ మార్పులు 2024లో 6.12 కెర్నల్‌తో ప్రధాన స్రవంతిలో కలిశాయి, కానీ 128 శాంపుళ్లకు అవి తప్పనిసరి ఏమీ కాదు.

అన్నిటికంటే తేలికైన పరిష్కారం డైరెక్ట్ మానిటర్. ఇంటర్‌ఫేస్ లోపలే మైకు ధ్వనిని హెడ్‌ఫోన్‌కు కలిపే ఈ నాబ్ ఉంటే గొంతు కంప్యూటర్‌దాకా వెళ్లి రావలసిన పనిలేదు. గానం, డబ్బింగ్, పుస్తక పఠనం రికార్డు చేసేవారు ఆ నాబ్ లేదా బటన్ పరికరం మీదే ఉందో లేదో తప్పక చూసుకోవాలి.

ఛానళ్ల పేరు, ప్రీయాంపుల సంఖ్య

మోడల్ పేరులోని అంకెలు చాలామందిని పక్కదారి పట్టిస్తాయి. ఒక కర్ణాటక సంగీత కచేరీని ఇంట్లోనో గుడిలోనో రికార్డు చేయాలనుకుందాం. గాత్రానికి ఒక మైకు, వయొలిన్‌కు ఒకటి, మృదంగం కుడి ఎడమ మూతలకు రెండు, మొత్తం నాలుగు. పేరు చూసి స్కార్లెట్ 4ఐ4 కొంటే మూడో తరంలోగానీ నాలుగో తరంలోగానీ మైకు ప్రీయాంపులు రెండే ఉంటాయి. మిగతా రెండు మైకును నేరుగా తగిలించలేని లైన్ ఇన్‌పుట్‌లు. మోటూ ఎం4 పరిస్థితీ అంతే. నాలుగు మైకులు నిజంగా తగిలించాలంటే బెరింగర్ యూఎంసీ404హెచ్‌డీ, మోటూ ఎం6, లేదా మూడో తరం స్కార్లెట్ 18ఐ8 వంటివి కావాలి.

అవి కొన్నాక లైనక్స్‌లో మరో చిన్న అడ్డంకి ఎదురవుతుంది. నాలుగు ఛానళ్ల పరికరాన్ని డెస్క్‌టాప్ తరచూ సరౌండ్ 4.0 స్పీకర్ల వ్యవస్థగా భావిస్తుంది. అప్పుడు మూడు, నాలుగు ఇన్‌పుట్‌లు వెనుక స్పీకర్ల పేర్లతో కనిపిస్తాయి. సాధారణ ప్రోగ్రామ్‌లలో వాటిని వేరుచేయడం కష్టమవుతుంది. ధ్వని అమరికల్లో ప్రొఫైల్‌ను ప్రో ఆడియోకు మారిస్తే ఛానళ్లన్నీ విడివిడిగా, ఏ మార్పూ లేకుండా అందుతాయి.

నాలుగు ఇన్‌పుట్‌ల కోసం రెండేసి ఛానళ్ల ఇంటర్‌ఫేసులు రెండు కొనడం పొదుపుగా తోచవచ్చు. గడియారాల సమస్య ఇక్కడ తిరిగి తలెత్తుతుంది. రెండు స్ఫటికాల మధ్య పదిలక్షల వంతుల్లో 50 వంతుల తేడా ఉన్నా, గంట కచేరీ ముగిసేసరికి రెండు రికార్డింగుల మధ్య 0.18 సెకను తేడా వస్తుంది. మృదంగం మోత గాత్రం నుంచి స్పష్టంగా జారిపోవడానికి అది ఎక్కువే. పైప్‌వైర్ ఒక ప్రవాహాన్ని సాగదీసి రెండోదానికి సరిపెట్టగలదు, కానీ ముఖ్యమైన రికార్డింగ్‌కు ఒకే గడియారం, ఒకే పరికరం ఉండటమే సురక్షితం.

గెయిన్, ధ్వని నాణ్యత

192 కిలోహెర్ట్జ్ గురించి ప్రకటనలు చెప్పినంతగా గెయిన్ గురించి చెప్పవు. గొంతు రికార్డింగ్‌కు బాగా వాడుకలో ఉన్న షూర్ ఎస్‌ఎం7బీ వంటి డైనమిక్ మైకుకు కనీసం 60 డెసిబెళ్ల గెయిన్ కావాలి. మూడో తరం స్కార్లెట్‌లో అది 56. నాలుగో తరం 2ఐ2లో 69. నాలుగు డెసిబెళ్ల లోటు చిన్నదిగానే కనిపిస్తుంది, కానీ మెల్లగా మాట్లాడేవారి విషయంలో నాబ్‌ను చివరిదాకా తిప్పాక మిగిలే బుస్సుమనే శబ్దం దాని ఫలితమే. కండెన్సర్ మైకులకు ఇంత గెయిన్ అక్కర్లేదు. వాటికి 48 వోల్టుల ఫాంటమ్ పవర్ చాలు. ఈ విషయంలో లైనక్స్‌కూ విండోస్‌కూ తేడా లేదు, ఎందుకంటే ఇదంతా ధ్వని అంకెలుగా మారకముందే జరిగిపోతుంది.

థండర్‌బోల్ట్, ఫైర్‌వైర్

థండర్‌బోల్ట్ ఇంటర్‌ఫేసులు కంప్యూటర్‌కు లోపలి కార్డుల్లా అతుక్కుంటాయి కాబట్టి ప్రతిదానికీ దాని సొంత డ్రైవర్ కావాలి. యూనివర్సల్ ఆడియో అపోలో థండర్‌బోల్ట్ మోడళ్లకు కంపెనీ లైనక్స్ డ్రైవర్ ఇవ్వదు. అదే కంపెనీ యూఎస్‌బీ వోల్ట్ శ్రేణి మాత్రం క్లాస్ కంప్లయంట్. పాత ఫైర్‌వైర్ పరికరాలు సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరుకుతాయి, వాటిలో చాలావాటికి లైనక్స్‌లో ఇప్పటికీ మద్దతు ఉంది. కానీ ఆ పోర్టు ఉన్న కంప్యూటర్లు తగ్గిపోతున్నాయి కనుక కొత్తగా ఆ దారి పట్టడానికి కారణం కనిపించదు. ఆర్‌ఎంఈ బేబీఫేస్ ప్రో వంటి కొన్ని ఖరీదైన పరికరాలు రెండు రీతుల్లో పనిచేస్తాయి; లైనక్స్ కోసం వాటిని క్లాస్ కంప్లయంట్ రీతికి మార్చుకోవాలి.

కొనేముందు చేయదగిన పరీక్ష

దుకాణంలోనో, సెకండ్ హ్యాండ్ అమ్మకందారు ఇంట్లోనో పరికరాన్ని చూసే అవకాశం ఉంటే ఉబుంటు స్టూడియో వంటి పంపిణీని పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకుని ల్యాప్‌టాప్‌ను దానితోనే మొదలుపెట్టవచ్చు. ఇందుకు హార్డ్‌డిస్కులో ఏదీ మార్చనక్కర్లేదు. పరికరాన్ని హబ్ ద్వారా కాక నేరుగా ల్యాప్‌టాప్‌కే కలిపి స్ట్రీమ్0 ఫైలు చూడాలి, ప్రో ఆడియో ప్రొఫైల్‌కు మార్చి అన్ని ఇన్‌పుట్‌లలో మైకు ఒక్కొక్కటిగా పెట్టి చూడాలి, ఫాంటమ్ పవర్, డైరెక్ట్ మానిటర్ పరికరం మీది నుంచే పనిచేస్తున్నాయో లేదో గమనించాలి. తర్వాత 128 శాంపుళ్ల బఫర్‌తో పది నిమిషాలు రికార్డు చేస్తూ, టెర్మినల్‌లో పైప్‌వైర్‌తో వచ్చే పీడబ్ల్యూ-టాప్ నడపాలి. అందులో ఎర్ర్ అనే నిలువు వరుసలోని అంకె తప్పిపోయిన బఫర్ల లెక్క. ప్రారంభంలో ఒకటి రెండు పెరిగి అక్కడే నిలిచిపోతే ఫర్వాలేదు. రికార్డింగ్ సాగుతున్నంతసేపూ పెరుగుతూ ఉంటే ముందు కేబుల్, యూఎస్‌బీ పోర్టు మార్చి, ఆపై బఫర్‌ను 256కు పెంచి మరోసారి చూడాలి. అప్పటికీ ఆగకపోతే ఆ కెర్నల్‌తో ఆ పరికరానికి పొసగడం లేదన్నమాట. డబ్బు చెల్లించకముందే ఆ సంగతి తేలిపోతుంది.